నాన్నగారి సియాల్‌కోట్ బ్యాటు

మా ఇంటి హాల్లో, వీధి తలుపు పక్కనున్న గోడకు, నాలుగు మూలలా మరలు బిగించిన చెక్క ప్రెస్సులో ఒక పాత టెన్నిస్ బ్యాటు వేలాడుతూ ఉంటుంది. దాన్ని రాకెట్ అనాలని పుస్తకాల్లో చదువుకున్నాను గానీ, మా నాన్నగారూ, ఆయనతో ఆడినవాళ్లూ జీవితాంతం బ్యాటు అనే అన్నారు కనుక నేనూ అలాగే అంటాను. ఇప్పటి పిల్లలు దాన్ని చేతిలోకి తీసుకోగానే మొదట చెప్పేది బరువు గురించి. ఈనాటి గ్రాఫైట్ రాకెట్లు దాదాపు 300 గ్రాములు తూగితే, ఇది 400 గ్రాములకు కాస్త తక్కువగా ఉంటుంది. తలభాగం చూస్తే చిన్నది, 70 చదరపు అంగుళాలు కూడా ఉండదు. కాలం గడిచేకొద్దీ దాని రంగు పాత వీణ దండె రంగులోకి తిరిగింది. భుజాల మీద ఒకప్పుడు బంగారు రంగులో అచ్చొత్తిన అక్షరాలు ఉండేవి. చేతి చెమటకూ తుడుపుగుడ్డకూ అరిగి అరిగి, చివరికి ‘సియాల్‌కోట్’ అన్న ఒక్క మాట మాత్రమే, అదీ వెలుతురుకు ఏటవాలుగా పట్టుకుంటేనే కనిపించేంతగా మిగిలింది.

నాన్నగారు ఆ బ్యాటును 1945లో మద్రాసు మౌంట్ రోడ్డులో ఒక ఆటవస్తువుల కొట్లో కొన్నారు. అప్పటికి ఆయన కాకినాడలో గణితం లెక్చరరుగా కొత్తగా చేరారు. నెల జీతంలో నాలుగో వంతు దానికే పెట్టేశారని మా నాయనమ్మ చాలా ఏళ్లపాటు అందరికీ చెప్పేది. ఆమెకు దాని మీద ఇంకొక అభ్యంతరం కూడా ఉండేది. బ్యాటుకు కట్టే గట్టు, అంటే తంతి, గొర్రె పేగుల నుంచి తీసిందని ఎవరో ఆమె చెవిన వేశారు. ఆ మాట అబద్ధం కాదు కనుక నాన్నగారు వాదించలేకపోయారు. మడి కట్టుకునే ఇంట్లో పేగుల తంతితో అల్లిన వస్తువు వంటింటి ఛాయలకు రాకూడదని నాయనమ్మ శాసించడంతో, ఆ బ్యాటు స్థానం వీధి వసారాలో, గొడుగుల కొక్కెం పక్కన స్థిరపడింది. నా చిన్నతనంలో జరిగిన ఒక పెద్ద పొరపాటుకు ఆ స్థానమే కొంత కారణమైంది. ఆ సంగతి తరువాత చెబుతాను.

నాన్నగారు ఆడిన క్లబ్బులో రెండే కోర్టులు, రెండూ మట్టివి. తెల్లవారుజామునే నీళ్లు చల్లి, రాతి రోలరు లాగి, సున్నంతో గీతలు వేసేవారు. వారానికోసారి పేడనీళ్లతో అలికేవారు. ఆ పనులన్నింటికీ పెద్ద మార్కరు. మన క్లబ్బుల్లో మార్కరు అంటే కేవలం పాయింట్లు లెక్కపెట్టే మనిషి కాదు. కోర్టు చూసుకోవడం, కొత్త సభ్యులకు ఆట నేర్పడం, జోడీ తక్కువైతే తానే ఆడటం, బ్యాట్లకు గట్టింగ్ చేయడం, అంటే తంతులు అల్లడం, అన్నీ ఆయనవే. మా మార్కరును నేను మార్కరు తాతా అని పిలిచేవాణ్ణి. ఆయన నాన్నగారిని మేష్టారండీ అనేవాడు, నన్ను బాబూ అనేవాడు. ఖాకీ నిక్కరు, తెల్ల బనీను, కాళ్లకు ఏమీ లేకుండా ఆడే ఆయన బ్యాక్‌హ్యాండు కొడుతుంటే క్లబ్బు సభ్యులు తమ ఆట ఆపి చూసేవారు. ఆయనకు సొంత బ్యాటు ఉండేది కాదు. మరమ్మతుకు వచ్చిన బ్యాట్లలో ఏది చేతికి అందితే దానితో ఆడేవాడు. అందువల్లనే కావచ్చు, ఆ ఊళ్లో ఉన్న ప్రతి బ్యాటు గుణమూ ఆయనకు తెలుసు. ఫలానా డాక్టరుగారి బ్యాటు తల బరువు, ఫలానా పోర్టు ఆఫీసరుగారిది మెడ దగ్గర మెత్తన అని, సంబంధాలు కుదిర్చే పెద్దమనిషి వధూవరుల గుణగణాలు చెప్పినట్టు చెప్పేవాడు.

ఆయన గట్టింగ్ చేస్తుంటే చూడటం నాకు ఆట చూడటం కన్నా ఎక్కువ ఇష్టంగా ఉండేది. యంత్రం ఏదీ లేదు. క్లబ్బు వెనక వరండాలో బల్లకు బిగించిన ఒక చెక్క పట్టు, చెప్పులు కుట్టే ఆర లాంటి నాలుగైదు ఇనుప మొనలు, తంతిని చుట్టి లాగడానికి ఒక కర్రముక్క, ఇవే ఆయన సరంజామా. నడిమి నిలువు తంతులతో మొదలుపెట్టి, ఒకటి ఇటు ఒకటి అటుగా రెండు వైపులకూ సమానంగా పోతూ, కర్రముక్కకు తంతిని చుట్టి ఒంటి బరువంతా వేసి లాగి, ఆ లాగుడు సడలకుండా రంధ్రంలో ఆర మొనను దిగవేసి, తరువాతి తంతిని ఎక్కించి, అప్పుడు ఆ మొనను తీసి ముందుకు జరిగేవాడు. నిలువులు అయ్యాక అడ్డ తంతులను మగ్గం మీద పేకలాగా ఒకదాని మీదుగా, ఇంకొకదాని కిందుగా అల్లుకుంటూ వచ్చేవాడు. ఎంత బిగువు వచ్చిందో కొలిచే సాధనం ఆయన చెవి. పూర్తయిన బ్యాటును చెవి దగ్గర పెట్టుకుని గోటితో మీటేవాడు. స్వరం నచ్చకపోతే, రెండు గంటల శ్రమనూ లెక్కచేయక విప్పేవాడు. చివరగా పైభాగంలోనూ అడుగు భాగంలోనూ ఎర్ర దారం, నల్ల దారం కలిపి సన్నని అల్లిక వేసేవాడు. ఆ అల్లికతో బంతికి పనేమీ లేదు. చూడముచ్చటగా ఉంటుందని వేసేవారంతే. నాన్నగారి బ్యాటుకు మాత్రం ఆయన ఎప్పుడూ ఎర్ర దారం ఒక్కటే వాడేవాడు.

గట్టుకు తేమ పడదు. వాన పడిన రోజుల్లో, సముద్రపు గాలి ఉప్పగా తగిలే సాయంత్రాల్లో అది ఉబ్బి, పోగులు లేచి, ఒక్కసారిగా టప్పున తెగేది. అందుకే పొదుపు చూసుకునేవారంతా నైలానుకు మారిపోయారు గానీ, నాన్నగారు మాత్రం చాలా కాలం గట్టునే పట్టుకుని ఉన్నారు. ఆ ఒక్క విషయంలో ఆయన ఖర్చు చూసుకోలేదు. ఫ్రాన్సులో లియోన్ నగరంలో బాబొలా అనే కుటుంబం 1875 నుంచీ టెన్నిస్ కోసం గట్టు తయారు చేస్తున్నదని నాకు మొదట చెప్పింది ఆయనే. ఆ ఫ్రెంచి గట్టును మాత్రం ఆయన ఎన్నడూ కొనలేకపోయారు. జలంధర్ నుంచి వచ్చే దేశవాళీ గట్టుతోనే ఆడారు.

చెక్క కూడా తేమను పీల్చుకునేదే. తంతులన్నీ కలిసి చెక్క వలయాన్ని అన్ని వైపుల నుంచీ లోపలికి లాగుతూ ఉంటాయి కనుక, చెక్క తేమకు మెత్తబడితే ఆ లాగుడుకు లొంగి మెలితిరుగుతుంది. ఆట కాగానే బ్యాటును ప్రెస్సులో పెట్టి నాలుగు మరలూ బిగించడం అందుకే. ఆ బిగింపులోనూ ఒక పద్ధతి ఉంది. ఒక మూల బిగించాక దానికి ఎదురు మూల బిగించాలి, ఏ ఒక్కటీ మిగతావాటి కన్నా ఎక్కువ తిరగకూడదు. లేకపోతే బ్యాటును కాపాడవలసిన ప్రెస్సే దాన్ని వంచుతుంది. నాన్నగారు రోజూ ఆ నాలుగు సీతాకోకచిలుక మరలనూ సంధ్యావందనం చేసినంత శ్రద్ధగా తిప్పేవారు.

1964లో, నాకు పద్నాలుగేళ్లు వచ్చిన సంవత్సరం, అక్టోబరులో నాన్నగారు పరీక్షల పని మీద వాల్తేరు వెళ్లినప్పుడు, నేను ఆయనను అడగకుండా ఆ బ్యాటును ప్రెస్సులోంచి తీసి, గోడకు బంతి కొట్టుకుంటూ రెండు సాయంత్రాలు ఆడాను. రెండోరోజు చీకటి పడుతుండగా వాన మొదలైతే, బ్యాటును వసారాలో గోడకు చేరవేసి, ప్రెస్సు సంగతే మరిచిపోయి లోపలికి పరుగెత్తాను. ఆ వాన మూడు రోజులు కురిసింది. వసారాలోకి జల్లు కొడుతూనే ఉంది. నాలుగోనాడు ఎండ వచ్చాక బ్యాటును చూస్తే, దాని తల పిడికి సమంగా లేదు. ఎవరో రెండు చేతులతో పట్టుకుని తడిగుడ్డను పిండినట్టు ఒక పక్కకు తిరిగి ఉంది. తంతులు రెండు తెగిపోయాయి. ఆ రోజు నా గుండె జారిపోయిన తీరు ఇప్పటికీ గుర్తుంది.

నాన్నగారు వచ్చాక నన్ను కొట్టలేదు, తిట్టలేదు. బ్యాటును చాలాసేపు కంటికి ఎదురుగా నిలువుగా పట్టుకుని చూసి, కండువాలో చుట్టుకుని, నన్ను వెంటబెట్టుకుని క్లబ్బుకు నడిచారు. మార్కరు తాత దాన్ని చూసి, "మేష్టారండీ, చెక్కకి కోపం వచ్చింది గానీ ప్రాణం పోలేదండి," అన్నాడు. ముందుగా తంతులన్నీ కోసేశాడు. కోయడంలో కూడా ఒకేవైపు నుంచి కోయకుండా, మధ్య నుంచి బయటికి, నిలువొకటి అడ్డమొకటిగా కోశాడు. బిగువు ఒక పక్కనే ఉండిపోతే చట్రం పగిలిపోతుందట. తరువాత మరుగుతున్న కుండ మూతి మీద మెలిక తిరిగిన భాగాన్ని ఓపికగా ఆవిరి పట్టి, వెచ్చగా ఉండగానే రెండు దళసరి పలకల మధ్య పెట్టి, మెలికకు ఎదురు దిక్కులో రవ్వంత ఎక్కువగానే తిప్పి బిగించాడు. పదిహేను రోజులు దాన్ని ఎవరినీ ముట్టుకోనివ్వలేదు. విప్పిన రోజున తల దాదాపుగా నిటారుకు వచ్చింది. దాదాపుగా అని ఎందుకు అంటున్నానంటే, ఇప్పటికీ దాన్ని బల్ల మీద బోర్లా పెడితే ఒక అంచు కింద పోస్టుకార్డు దూరేంత సందు ఉంటుంది. ఆ సందు నా వల్ల వచ్చింది.

ఆ పదిహేను రోజుల్లోనే నాకు బ్యాటు లోపలి సంగతులు తెలిశాయి. అంతకుముందు అది ఒకే చెక్కను వంచి చేసిందని అనుకునేవాణ్ణి. చాలా పాత బ్యాట్లు నిజంగానే అలా ఉండేవి. ఇంగ్లండులో యాష్ చెట్టు నుంచి నారవాటం చెడకుండా తీసిన ఒకే కర్రను ఆవిరిలో ఉడికించి వలయంగా వంచేవారు. 1930ల నుంచి పలచని చెక్క పట్టీలను పొరలు పొరలుగా జిగురుతో అంటించి వంచే పద్ధతి బలపడింది. పొరలు ఒకదాన్నొకటి పట్టి ఉంచుతాయి కనుక వంపు సులువుగా చెదరదు, బలమూ పెరుగుతుంది. మార్కరు తాత నా వేలిని పట్టుకుని బ్యాటు అంచు మీద ఆనించి, ఆ పొరలను ఒక్కొక్కటిగా లెక్కపెట్టించాడు. మెడ దగ్గర, వలయం వచ్చి పిడిలో కలిసేచోట, రెండు కాళ్ల మధ్య ఇమిడ్చిన త్రికోణపు ముక్కను చూపించి, బ్యాటుకు ప్రాణం అక్కడే ఉంటుందని, అది వదులైతే ఇక ఎంత చేసినా లాభం లేదని చెప్పాడు.

క్లబ్బులో అందరి కళ్లూ పడే బ్యాటు ఇంకొకటి ఉండేది. అది పోర్టు ఆఫీసరుగారి డన్‌లప్ మాక్స్‌ప్లై. విదేశీ సరుకు దిగుమతి మీద గట్టి ఆంక్షలున్న రోజులవి. ఎవరైనా ఓడలో తెచ్చిపెడితే తప్ప అలాంటివి మా ఊరికి వచ్చేవి కావు. 1931లో మొదలైన ఆ మాక్స్‌ప్లైతోనే ఆస్ట్రేలియా ఆటగాడు రాడ్ లేవర్ 1962లో ఒకే ఏడాది నాలుగు పెద్ద టైటిళ్లూ గెలిచాడని క్లబ్బులో చెప్పుకునేవారు. 1969లో ఆయన మళ్లీ అదే పని చేశాడు. 1961 వింబుల్డన్ సెమీఫైనల్లో మన రామనాథన్ కృష్ణన్‌ను ఓడించింది కూడా ఆ లేవరే కావడంతో, ఆ బ్యాటు మీద మావాళ్లకు గౌరవమూ ఉండేది, కొంచెం కినుకా ఉండేది. ఇంకా కొన్ని బ్యాట్ల మీద ఛాంపియన్ల సంతకాలు అచ్చొత్తి ఉండేవి. అమెరికాలో విల్సన్ కంపెనీ జాక్ క్రేమర్ సంతకంతో తెచ్చిన బ్యాటు ప్రపంచమంతా అమ్ముడుపోయింది. నాన్నగారు ఒకసారి అలాంటి సంతకాన్ని నాకు చూపించి, ఈ బ్యాటు మీద ఆడినవాడి పేరు ఉంది, అమ్మినవాడి పేరు ఉంది, వంచినవాడి పేరు మాత్రం ఎక్కడా లేదు, చూశావా అన్నారు. ఆ మాట నాలో ఉండిపోయింది.

1966 డిసెంబరులో కలకత్తాలో బ్రెజిల్‌తో డేవిస్ కప్ పోటీ జరిగినప్పుడు, నిర్ణాయకమైన ఆటలో బ్రెజిల్ ఆటగాడు తామస్ కోక్ రెండు సెట్లకు ఒకటిగా ఆధిక్యంలో ఉండి, నాలుగో సెట్లో 5-2 వరకూ వెళ్లాక కూడా కృష్ణన్ వెనక్కి లాక్కొచ్చి గెలిచిన కథను మేము క్లబ్బు రేడియో చుట్టూ కూర్చుని విన్నాము. ఆ గెలుపుతో భారతదేశం మొదటిసారి డేవిస్ కప్ ఫైనల్‌కు వెళ్లింది. రేడియోలో బంతి చప్పుడు సన్నగా వినిపించేది. చెక్క బ్యాటు మధ్యలో పడిన బంతి చేసే శబ్దం గ్రాఫైట్ శబ్దంలా కటువుగా ఉండదు. తలుపు మీద పిడికిలితో మెల్లగా తట్టినట్టు, లోతుగా, గుండ్రంగా ఉంటుంది. మార్కరు తాత కళ్లు మూసుకుని వింటూ, ఇది మధ్యలో పడిందండి, ఇది అంచుకు తగిలిందండి అని, వ్యాఖ్యాత చెప్పకముందే చెప్పేవాడు.

మన ప్రాంతంలో టెన్నిస్ చరిత్ర గురించి మాట్లాడేటప్పుడు నాన్నగారు హైదరాబాదుకు చెందిన ఎస్.ఎం. హాదీని తప్పక తలచుకునేవారు. ఏడు ఆటల్లో ప్రావీణ్యం ఉన్నందుకు ఆయనను రెయిన్‌బో హాదీ అనేవారు. 1924 పారిస్ ఒలింపిక్స్‌లోనూ డేవిస్ కప్‌లోనూ భారతదేశం తరఫున టెన్నిస్ ఆడిన ఆ మనిషే 1934-35లో జరిగిన తొలి రంజీ ట్రోఫీలో మొట్టమొదటి శతకం కొట్టాడు.

చదువు ముగిసి బ్యాంకులో ఉద్యోగం వచ్చాక, 1978లో నాకు జలంధర్‌కు బదిలీ అయింది. అంత దూరం వెళ్లాలా అని ఇంట్లో అందరూ బాధపడుతుంటే, నాన్నగారు మాత్రం బ్యాటును ప్రెస్సుతో సహా నా పెట్టెలో పెట్టారు. అక్కడ సియాల్‌కోట్ వాళ్లు ఉంటారు, చూపించు అన్నారు.

సియాల్‌కోట్‌కూ ఆటవస్తువులకూ ఉన్న సంబంధం గురించి పంజాబులో అందరూ చెప్పుకునే ఒక కథ ఉంది. అక్కడి కంటోన్మెంటులో ఉన్న ఒక దొరగారి టెన్నిస్ బ్యాటు విరిగితే, ఇంగ్లండు నుంచి కొత్తది వచ్చేదాకా ఆగలేక, ఊళ్లో ఒక పనివాడికి ఇచ్చి బాగు చేయించుకున్నాడట. ఆ పనితనం చూసి మిగతా దొరలూ తమవి తెచ్చారట. ఆ తరువాత బాగు చేసినవాడే కొత్తవి చేయడం మొదలుపెట్టాడట. కథ సంగతి ఎలా ఉన్నా, పందొమ్మిదో శతాబ్దం చివరినాటికి ఆ ఊరు బ్యాట్లకూ బంతులకూ పేరు మోసింది. ఉబెరాయ్ వంటి సియాల్‌కోట్ కంపెనీల సరుకు దేశమంతటికీ, విదేశాలకూ వెళ్లేది. 1947లో దేశం చీలినప్పుడు సియాల్‌కోట్ పాకిస్తానులోకి వెళ్లింది. ఆ పని తెలిసిన హిందూ, సిక్కు కుటుంబాలు వేల సంఖ్యలో జలంధర్‌కూ మీరట్‌కూ తరలివచ్చాయి. ఈనాటికీ మన దేశంలో ఆటవస్తువుల తయారీకి ఆ రెండు ఊళ్లే ముఖ్యం కావడానికి మూలం ఆ వలసలోనే ఉంది. మా నాన్నగారి బ్యాటు మీద మిగిలిన ఆ ఒక్క మాట, అలా, ఆ చెక్కను చేసినవాళ్లలో చాలామంది మళ్లీ చూడలేని ఊరి పేరు.

జలంధర్‌లో బస్తీ నౌ అనే పేట సందుల్లో నడుస్తుంటే రంపపు పొట్టు వాసన, వార్నీషు వాసన, తోలు వాసన కలగలిసి వచ్చేవి. బ్యాంకులో ఖాతా ఉన్న ఒక వ్యాపారి నన్ను ఒక ముసలాయన దగ్గరికి తీసుకువెళ్లాడు. అందరూ ఆయనను మిస్త్రీజీ అనేవారు. సియాల్‌కోట్‌లో పన్నెండేళ్ల వయసులో పనిలో చేరి, ముప్ఫై దాటాక ఇటు వచ్చిన మనిషి. ఆయన పంజాబీ నాకు సగం అర్థమయ్యేది, నా హిందీ ఆయనకు సగం అర్థమయ్యేది. బ్యాటును చేతికివ్వగానే ఆయన అక్షరాలను చూడలేదు. నేరుగా బొటనవేలితో మెడ దగ్గరి త్రికోణపు ముక్కను తడిమాడు. తరువాత బ్యాటును తిప్పి చూసి, దీన్ని ఎవరో ఆవిరి పట్టారే అన్నాడు. పద్నాలుగేళ్ల కిందటి మార్కరు తాత పనిని ఆ మునివేళ్లు ఒక్క నిమిషంలో చదివేశాయి. బాగా చేశాడు, మేమైతే ఇంకొన్ని రోజులు ఉంచేవాళ్లం అని కూడా అన్నాడు.

ఆ రెండేళ్లలో నేను ఆదివారాలు చాలాసార్లు ఆయన దగ్గరికి వెళ్లి కూర్చున్నాను. అప్పటికీ ఆయన రోజుకు కొన్ని బ్యాట్లు చేసేవాడు. ఆ ప్రాంతంలో వాడేది ఎక్కువగా తూత్ చెక్క, అంటే మన కంబళి పండ్ల చెట్టు, పట్టుపురుగులకు మేత వేసే మల్బరీ జాతిది. హాకీ కర్రలకు కూడా అదే చెక్క. నార పొడుగ్గా ఉండి, వంచితే విరగకుండా వంగుతుంది. ముడులు లేని కర్రను ఎంచుకుని, పలచని పట్టీలుగా కోసి, నీళ్లలో నానబెట్టి, ఆవిరి పెట్టెలో ఉంచి మెత్తబరిచేవారు. తరువాత పట్టీల మధ్య జిగురు పూసి, బ్యాటు తల ఆకారంలో ఉన్న ఇనుప అచ్చు చుట్టూ ఇద్దరు మనుషులు చెరోవైపు నుంచి ఒకే ఊపున వంచేవారు. ఆ వంచడంలో క్షణం ఆలస్యమైతే చెక్క చల్లారిపోతుంది, తొందరపడితే బయటి పొర చిట్లుతుంది. తండ్రీ కొడుకులు ఎదురెదురుగా నిలబడి, ఒకరి కళ్లలోకి ఒకరు చూసుకుంటూ, మాట లేకుండా వంచే ఆ దృశ్యాన్ని నేను ఎన్నిసార్లు చూసినా తనివి తీరేది కాదు. వంచిన చట్రం రోజుల తరబడి అచ్చులోనే ఆరేది. ఆ తరువాత చిత్రిక పట్టి మందం తగ్గించి, తంతులకు రంధ్రాలు తొలిచి, నేలకు రాసుకున్నా తంతి తెగకుండా బయటి అంచున గాడి తీసి, పిడికి రెండు వైపులా తేలిక చెక్కను అంటించి ఎనిమిది పలకలుగా చెక్కి, గాజు కాగితంతో రుద్ది, వార్నీషు వేసి, చివరికి తోలు చుట్టేవారు. సియాల్‌కోట్ రోజుల్లో ఎముకలూ తోళ్లూ ఉడికించి తీసిన సరేసు జిగురు వాడేవాళ్లమని, అది వేడికీ తేమకూ కరిగేదని, అందుకే దక్షిణాదికి, సముద్రం పక్కకు వెళ్లిన బ్యాట్ల గురించి తమ ఉస్తాదు ఎప్పుడూ బెంగపడేవాడని మిస్త్రీజీ చెప్పాడు. కాకినాడలో నేను వానలో వదిలేసిన బ్యాటు గుర్తుకొచ్చి నేను ఏమీ మాట్లాడలేకపోయాను.

ఒక ఆదివారం ఆయన నా బ్యాటుకు కొత్త గ్రిప్ వేస్తానని పాత తోలు విప్పాడు. ముప్ఫై మూడేళ్లుగా వెలుతురు చూడని ఆ తెల్లని చెక్క మీద, పెన్సిలుతో గీసిన ఒక చిన్న గుర్తు ఉంది. ఒక ఉర్దూ అంకె, దాని పక్కన రెండు అడ్డగీతలు. కూలి బ్యాటుకు ఇంత అని ఇచ్చే రోజుల్లో, వారం చివర లెక్క తేల్చుకోవడానికి ప్రతి పనివాడూ తన గుర్తు వేసుకునేవాడని ఆయన వివరించాడు. ఎవరిదో చెప్పగలరా అని నేను ఆశగా అడిగాను. ఆయన కళ్లజోడు నుదుటి మీదికి నెట్టి, చెక్కను కంటికి దగ్గరగా పెట్టుకుని చాలాసేపు చూశాడు. అంకె ఆ కార్ఖానాలో ఏడో బల్లదని, ఆ బల్ల దగ్గర తన కాలంలోనే ముగ్గురు నలుగురు మారారని, వారిలో ఇద్దరు ముసల్మానులు అక్కడే ఉండిపోయారని, ఒకరు ఇటు వస్తూ దారిలో పోయారని చెప్పి, అంతకు మించి ఏమీ అనలేదు. తోలు చుట్టే ముందు చెవి మీద ఉన్న పెన్సిలు తీసి, ఆ పాత గుర్తు పక్కనే తన గుర్తు కూడా వేశాడు. డబ్బు ఇవ్వబోతే తీసుకోలేదు.

ఆయన కొడుకు అప్పటికే క్రికెట్ బ్యాట్ల వైపు మళ్లుతున్నాడు. అతను తొందరపడుతున్నాడని నాకు అనిపించింది గానీ అతనిదే సరైన అంచనా. ఫ్రెంచి ఛాంపియన్ రెనే లాకోస్ట్ ఆలోచించిన ఉక్కు రాకెట్ 1967లోనే విల్సన్ టీ2000గా బజారులోకి వచ్చింది. జిమ్మీ కానర్స్ దానితో గెలుస్తూ ఉన్నాడు. 1976లో హొవార్డ్ హెడ్ ప్రిన్స్ పేరుతో తెచ్చిన రాకెట్ తల 110 చదరపు అంగుళాలు. అంత పెద్ద వలయాన్ని చెక్కతో చేస్తే తంతుల బిగువుకు ఆగదు, ఆగేలా చేస్తే ఎత్తలేనంత బరువవుతుంది. చెక్క ఓడిపోయింది పనితనంలో కాదు, ఈ లెక్కలో. 1981లో అమెరికా ఆటగాడు మెకన్రో మాక్స్‌ప్లైతో వింబుల్డన్ గెలిచాక పురుషుల సింగిల్స్‌లో చెక్క బ్యాటు అక్కడ మళ్లీ గెలవలేదు. రెండేళ్ల తరువాత ఆయన గెలిచినప్పుడు చేతిలో ఉన్నది గ్రాఫైటే.

2006లో మా అబ్బాయి లండన్‌లో ఉండగా నన్ను వింబుల్డన్ మ్యూజియానికి తీసుకువెళ్లాడు. 1874లో మేజర్ వింగ్‌ఫీల్డ్ పేటెంటు తీసుకుని పెట్టెల్లో పెట్టి అమ్మిన ఆటతో మొదలై, ఆ అద్దాల వెనక నూరేళ్ల చెక్క బ్యాట్లు వరుసగా ఉన్నాయి. మొదటి తరం బ్యాట్ల తలలు ఒక పక్కకు ఒరిగి ఉంటాయి. రాజుల కాలపు పాత టెన్నిస్‌లో బంతిని నేలకు దగ్గరగా అందుకోవడానికి అలా చేసేవారట. కొన్ని పిడుల చివర చేపతోకలా విచ్చుకుని ఉంది. తోలు లేదు, చేయి జారకుండా చెక్కలోనే సన్నని గీతలు చెక్కారు. అన్ని చోట్లా అమ్మినవారి పేర్లు కనిపించాయి. 1881లో ఇద్దరు అన్నదమ్ములు మొదలుపెట్టిన స్లాజెంజర్, లండన్‌లోని ఎయిర్స్ వంటివి. 1855 నుంచి ఉన్న గ్రేస్ ఆఫ్ కేంబ్రిడ్జ్, పనిముట్లకు పిడులు చేస్తూ 1910లో మొదలై స్వీడన్ ఛాంపియన్ బోర్గ్ చేతికి బ్యాటు ఇచ్చేదాకా ఎదిగిన బెల్జియం డొనే, వీటి గురించి అంతకుముందే చదివి ఉన్నాను. నాన్నగారి మాట గుర్తుకొచ్చి, వంచినవాళ్ల పేరు ఒక్కటైనా ఉంటుందేమోనని ప్రతి చట్రాన్నీ, అద్దానికి ముక్కు తగిలేలా వంగి చూశాను. మా అబ్బాయి, "ఏమిటి నాన్నా వెతుకుతున్నారు?" అని అడిగితే, పెన్సిలు గుర్తులు అన్నాను. తోలు విప్పితే తప్ప అవి కనబడవు కదా.

మరునాడు పోర్టొబెల్లో రోడ్డులో పాత సామాన్ల సంతలో ఒక మాక్స్‌ప్లై దొరికితే కొన్నాను. చిన్ననాడు ముట్టుకోనివ్వని బ్యాటు అది. చాలా గొప్ప పనితనం. పొరల అతుకులు గోటికి తగలవు, బరువు చేతిలో పక్షిలా నిలుస్తుంది. దాన్ని కూడా ప్రేమగానే ఉంచుకున్నాను గానీ, గోడ మీద దానికి చోటు ఇవ్వలేదు.

నాన్నగారు 1991లో పోయారు. ఆ వసంతంలోనే బోర్గ్, చాలా ఏళ్ల విరామం తరువాత, అందరూ గ్రాఫైట్‌తో ఆడుతుండగా, మాంటే కార్లోలో చెక్క బ్యాటుతో మళ్లీ కోర్టులోకి దిగి మొదటి ఆటలోనే ఓడిపోయాడు. ఆ వార్తను నేను పేపర్లో చదివి వినిపిస్తే, పడుకునే ఉన్న నాన్నగారు, ఓడితే ఓడాడు గానీ, శబ్దం ఎలా ఉండి ఉంటుందో అన్నారు.

ఇప్పుడు మిస్త్రీజీ చుట్టిన తోలు కూడా నలుపెక్కి, అడుగున పోగులుగా లేస్తున్నది. కొత్త గ్రిప్ తెచ్చి నేనే వేస్తాను తాతయ్యా అని మనవడు రెండుసార్లు అడిగాడు. ఈ వానాకాలం వెళ్లాక చూద్దామని చెప్పాను. విప్పిన రోజున ఆ రెండు గుర్తులనూ వాడికి చూపించాలి, పెన్సిలు ఒకటి చెక్కి సిద్ధంగా పెట్టుకున్నాను. ఈలోగా ప్రతి సాయంత్రం, గాలిలో చెమ్మ తగిలినప్పుడల్లా, ప్రెస్సు మరలు ఒక మూల, దానికి ఎదురు మూల, అలా నాలుగూ బిగించి చూసుకుంటున్నాను.